రాష్ట్ర పుష్పం తంగేడు నగరపు తోటల్లో ఎందుకు నిలవడం లేదు?

సంక్షిప్తంగా: తంగేడు దక్కన్ ఎర్రనేలల్లో పుట్టి పెరిగిన పొద. నాటిన మొదటి వేసవి గట్టెక్కితే ఆ తర్వాత వానమీదే బతుకుతుంది. హైదరాబాదు ఇళ్ళల్లో నాటినవాటిలో ఎక్కువ భాగం నీరు ఎక్కువై, వేరు కుళ్ళి చనిపోతున్నాయి. నగరం చుట్టూ అది సహజంగా పెరిగే కంచెలూ గుట్టవారలూ లెక్కల్లో 'బంజరు'గా నమోదై కట్టడాల కిందికి పోతున్నాయి. పండుగ పూటల్లో పువ్వు కరువవడానికి ముఖ్య కారణం అదే.

ఏటా భాద్రపద అమావాస్య దగ్గరపడుతుందనగా హైదరాబాదు మార్కెట్లలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: తంగేడు వచ్చిందా? గుడిమల్కాపూర్ పూల మార్కెట్ మొదలుకొని ఉప్పల్, ఎల్బీనగర్ చౌరస్తాల దాకా కట్టలు కట్టి అమ్మే ఈ పువ్వు ఒకప్పుడు ఊరి చివర పిల్లలు తెంపుకొచ్చేది. కొని తెచ్చుకోవలసిన సరుకుగా అది మారి ఎంతో కాలం కాలేదు. తెల్లవారుజామున కోసిన కట్టలో మొగ్గలు పచ్చగానే ఉంటాయి కానీ విచ్చిన పూల రేకులు మధ్యాహ్నానికే వడలి రాలడం మొదలుపెడతాయి. దూరం నుంచి తెచ్చి నిలవ ఉంచి అమ్మడానికి వీల్లేని పువ్వు ఇది. అందుకే నగరం ఒక్కో కిలోమీటరు పెరిగినకొద్దీ బతుకమ్మలో తంగేడు పొర పలచబడి, ఆ చోటును బంతి, చామంతి ఆక్రమిస్తున్నాయి.

2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం పాలపిట్ట, జింక, జమ్మిచెట్టులతోపాటు తంగేడును రాష్ట్ర చిహ్నాల్లో చేర్చి రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. అప్పటి నుంచి దీన్ని ఇంటి ముందు పెంచుకోవాలన్న ఆసక్తి పెరిగింది. అయితే నర్సరీలో అడిగితే దొరకదు, దొరికినా ఇంటికి తెచ్చినది బతకదు అన్న ఫిర్యాదు కూడా దాంతోపాటే పెరిగింది. ఎవరూ నీళ్ళు పోయని బండల మధ్య పూసే మొక్క, రోజూ నీళ్ళు పోసే పెరట్లో ఎందుకు చనిపోతుంది? సమాధానం ఆ మొక్క నిర్మాణంలోనే ఉంది.

## ఏది తంగేడు, ఏది కాదు

ముందుగా ఒక గందరగోళం తీరాలి. తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులాటా. పాత పుస్తకాల్లో కాసియా ఆరిక్యులాటా అని కనిపిస్తుంది. భారతదేశం, శ్రీలంక, మయన్మార్ దీని స్వస్థలాలు. పసుపు పూలు పూసే ప్రతి మొక్కనూ తంగేడు అని అమ్మడం నర్సరీల్లో మామూలైపోయింది. రోడ్ల పక్కన నీడకోసం వేసిన సీమ తంగేడు ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పెద్ద చెట్టు. 'కాసియా' పేరుతో కుండీల్లో దొరికే సెన్నా సురట్టెన్సిస్ కూడా పరదేశీ మొక్కే. గంటల్లాంటి పూలు గుత్తులుగా వేలాడే టెకోమాది మరో కుటుంబం, దాని స్వస్థలం అమెరికా ఖండం. వేసవిలో బంగారు తోరణాల్లా పూసే రేల మన చెట్టే, తంగేడుకు దగ్గరి చుట్టమే, కానీ పొద కాదు.

అసలు తంగేడును గుర్తుపట్టడానికి పువ్వుకంటే ఆకు మొదలు నమ్మదగిన ఆధారం. ఆకు కాడ కొమ్మకు అతుక్కున్నచోట రెండు పక్కలా చెవి తమ్మెల్లాంటి చిన్న పచ్చని రెక్కలుంటాయి. ఆకు ముదిరినా అవి రాలవు. ఆరిక్యులాటా అన్న మాటకు 'చెవులున్నది' అని అర్థం. కాడకు ఎనిమిది నుంచి పన్నెండు జతల చిట్టాకులు, ఒక్కో జత మధ్య కాడమీద గుండుసూది తలంత గ్రంథి, విడివిడిగా ఐదు పసుపు రేకులు, వాటిమీద నారింజ రంగు ఈనెలు, ఆ తర్వాత వేలెడు పొడవున కాగితంలా పలచని బల్లపరుపు కాయలు. నర్సరీలో పూలు లేని రోజున వెళ్ళినా సరే, ఆ చెవులు కనిపిస్తే అది తంగేడే.

## తక్కువ నీటితో బతికే తీరు

హైదరాబాదులో ఏటా సగటున దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో సుమారు మూడొంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. అంటే ఇక్కడి మొక్క నాలుగు నెలలు తడిలో, ఎనిమిది నెలలు దాదాపు పొడిలో బతకాలి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం ఏటా ఉండేదే. నేల కింద ఎక్కువచోట్ల గ్రానైట్ రాయి, దానిమీద మొరం, ఆపైన పలుచని ఎర్రచల్క. ఈ మట్టి నీళ్ళు పట్టి ఉంచదు. పడ్డ వానలో కొంత పారిపోతుంది, కొంత రాతి పగుళ్ళలోకి దిగిపోతుంది.

తంగేడు చూపంతా ఆ పగుళ్ళలోకి దిగిన నీటిమీదే. విత్తనం మొలిచాక మొదటి నెలల్లో పైకి జానెడు కూడా పెరగనట్టు కనిపిస్తుంది గానీ, ఆ కాలంలో తల్లివేరు నిట్టనిలువుగా కిందికి దిగుతూ ఉంటుంది. పైమట్టి ఎండేలోపు లోతు తడిని అందుకోవడం మీదే ఆ మొలక బతుకు ఆధారపడి ఉంటుంది. పెరిగిన మొక్కలో ఆకుల నిర్మాణం కూడా ఇందుకు తోడ్పడుతుంది. వెడల్పాటి ఆకు ఎండకు వేడెక్కితే చల్లబడటానికి నీటిని ఆవిరి చేసుకోవాలి. చిట్టాకుల మీదుగా గాలి సులువుగా కదులుతుంది కాబట్టి అవి ఆ నీటి ఖర్చు తక్కువతోనే వేడిని వదిలించుకోగలవు. రాత్రిపూట చిట్టాకులు జతలుగా ముడుచుకుంటాయి. కరువు మరీ ముదిరితే మొక్క తన ఆకుల్లో చాలావాటిని రాల్చేసి, కొమ్మలతో వేచి ఉంటుంది. చూసేవారికి ఎండిపోయినట్టు కనిపించే ఆ దశలోనే చాలామంది దాన్ని పీకేస్తున్నారు. వేలిగోటితో కొమ్మ బెరడు కొద్దిగా గీకి చూస్తే లోపల పచ్చదనం కనబడుతుంది. అది ఉన్నంతవరకు మొక్క బతికే ఉన్నట్టు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పడం అవసరం. చిక్కుడు కుటుంబపు మొక్క కాబట్టి తంగేడు వేళ్ళలో బుడిపెలు ఏర్పడి గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుందని తరచూ రాస్తుంటారు. ఆ కుటుంబంలో అన్నిటికీ ఆ గుణం లేదు. సెన్నా జాతి మొక్కల్లో సాధారణంగా ఆ బుడిపెలు ఏర్పడవు. రైతులు తంగేడు మండలు నరికి వరి మడిలో పచ్చిరొట్టగా తొక్కించేవారన్నది నిజమే, కానీ ఆ సత్తువ కుళ్ళిన ఆకు నుంచి వచ్చింది.

## పెరట్లో చనిపోవడానికి కారణం

వేళ్ళకు నీరెంత అవసరమో గాలి అంతే అవసరం. మట్టి రేణువుల సందుల్లో గాలి ఉంటేనే వేరు ఊపిరి తీసుకుంటుంది. మొరం నేలలో ఎంత వాన కురిసినా ఒకటి రెండు రోజుల్లో ఆ సందులు మళ్ళీ తెరుచుకుంటాయి. కొత్తగా కట్టిన ఇంటి ముందు పరిస్థితి వేరు. యంత్రాల బరువుకు నేల బిగుసుకుపోయి ఉంటుంది, దానిమీద ఎక్కడినుంచో తెచ్చిన నల్లమట్టి పోస్తారు, ఆ పైన పచ్చిక పరిచి రోజూ తడుపుతారు. తంగేడు గుంతకు అడుగున దారి లేక నీరు నిలుస్తుంది. గాలి అందని వేరును బూజు జాతి క్రిములు పట్టుకుంటాయి. ఆకులు పసుపుబారతాయి. అది దాహమనుకుని ఇంకో బకెట్ నీళ్ళు పోస్తారు, దాంతో మిగిలిన వేరు కూడా పోతుంది.

ఎరువు విషయమూ ఇలాంటిదే. పేడ ఎరువు దండిగా వేసిన గుంతలో తంగేడు బతికినా సన్నగా పొడవుగా సాగి, ఆకు ఎక్కువై పువ్వు తగ్గుతుంది. గుట్టమీద నడుమెత్తున గుబురుగా ఉండే పొద పెరట్లో వెదురు బద్దలా సాగి గాలికి వాలిపోవడానికి కారణం ఈ 'మంచి' పోషణే.

మూడో కారణం నాటే వయసు. కొనేవారు పూతమీదున్న పెద్ద మొక్కను అడుగుతారు. నల్లని ప్లాస్టిక్ సంచిలో ఏడాదికి పైగా ఉన్న తంగేడు తల్లివేరు అడుగు తగిలి గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటుంది. అలా చుట్టుకున్న వేరు నేలలో పెట్టాక కూడా లోతుకు దిగదు. ఊరి బయట నుంచి తవ్వి తెచ్చిన మొక్కలకైతే తల్లివేరు తెగిపోతుంది కాబట్టి వాటిలో బతికేవి అరుదు. తవ్వుకురావడం వల్ల రెండు చోట్లా మొక్క పోతుంది, అందుకే ఆ పని చేయకపోవడమే మంచిది.

నర్సరీల వైపు నుంచి చూస్తే ఈ మొక్కలో లాభం తక్కువ. హైదరాబాదుకు అలంకరణ మొక్కలు పెద్ద ఎత్తున గోదావరి డెల్టాలోని కడియం నుంచి వస్తాయి. కాలువ నీళ్ళు, ఒండ్రు మట్టి ఉన్న ఆ ప్రాంతపు వ్యాపారం సహజంగానే నీళ్ళు తాగి ఏడాది పొడవునా పచ్చగా కనిపించే మొక్కల మీద నిర్మితమైంది. ఏప్రిల్‌లో ఆకు రాల్చి, గోధుమరంగు కాయలు వేలాడేసుకుని నిలబడే తంగేడు ఆ వరసలో అమ్ముడుపోదు. నిత్యం పచ్చగా ఉండటమే గుణంగా ఎంచి మొక్కను ఎన్నుకుంటే ఏం జరుగుతుందో కోనోకార్పస్ చూపించింది. రోడ్ల మధ్య విరివిగా నాటిన ఆ విదేశీ మొక్కను ఇక నాటవద్దని తర్వాత ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది.

## తుమ్మెద మోత

తోటలో తంగేడు ఉంటే ఏమొస్తుంది అన్న ప్రశ్నకు అందం ఒక్కటే సమాధానం కాదు. ఉదయం ఎండ పడ్డాక పూసిన పొద దగ్గర కాసేపు నిలబడితే నల్లని తుమ్మెద ఒకటి పువ్వు మీద వాలి, రెక్కలు కదపకుండా ఒళ్ళంతా అదిరిస్తూ గట్టిగా మోత చేయడం వినిపిస్తుంది. ఎగిరేటప్పటి ఝుంకారం కంటే ఆ శబ్దం సన్నగా, తీవ్రంగా ఉంటుంది. దానికో కారణం ఉంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, ఇచ్చేది పుప్పొడి మాత్రమే. ఆ పుప్పొడి సంచి మిగతా పూలలోలాగా నిలువునా పగలదు, కొసన చిన్న రంధ్రం మాత్రమే తెరుచుకుంటుంది. ఉప్పుబుడ్డిని ఊపితే ఉప్పు రాలినట్టు, తుమ్మెద ఛాతీ కండరాల అదురుకు పుప్పొడి ఆ రంధ్రం నుంచి చిమ్ముతుంది. తేనెటీగలకు ఈ విద్య రాదు. అవి వచ్చినా తుమ్మెదలు రాల్చి వదిలినదాన్ని ఏరుకుంటాయి.

పువ్వులోని పది కేసరాలకూ ఒకే పని లేదు. పైనున్న మూడు గొడ్డువి. మధ్యలోని పొట్టివి నాలుగు తుమ్మెదకు మేత పెడతాయి. కిందున్న పొడవాటి మూడు ఆ సమయంలోనే దాని ఒంటిమీద, కాళ్ళకు అందని చోట పుప్పొడి చల్లుతాయి. కీలం, అంటే పుప్పొడిని అందుకునే ఆడ భాగపు కాడ, కొన్ని పూలలో కుడికి, కొన్నిటిలో ఎడమకు వంగి ఉంటుంది. ఒంటికి ఒక పక్క అంటిన పుప్పొడి ఎదురు వంపున్న పువ్వుకు చేరే అవకాశం దీనివల్ల పెరుగుతుంది. ఒక్క మొక్కనే ఒంటరిగా నాటినప్పుడు పూత బాగా ఉండి కాయ తక్కువగా కనిపిస్తే, చుట్టుపక్కల తుమ్మెదలూ తోటి తంగేళ్ళూ లేవేమోనని అనుమానించాలి. ఎండుకొయ్యను తొలుచుకుని గూడు కట్టే తుమ్మెదలకు, ఎండిన కొమ్మన్నది లేకుండా ఊడ్చేసిన తోటలో చోటుండదు.

చిట్టాకుల మధ్యనున్న ఆ చిన్న గ్రంథులు తీపి ద్రవం ఊరుస్తాయి, దానికోసం చీమలు తిరుగుతూ ఆకు తినే పురుగుల్ని కొంతవరకు అదుపులో పెడతాయి. అయినా లేతాకుల మీద ఆకుపచ్చ గొంగళిపురుగులు కనిపిస్తే మందు కొట్టకూడదు. వలస వెళ్ళే లేతపచ్చని, తెల్లని సీతాకోకచిలుకల పిల్లలవి. మొక్క మళ్ళీ చిగురిస్తుంది.

## నరికినా తరగనిది, చదును చేస్తే పోయింది

తంగేడు మీద మనిషి కత్తి పడటం కొత్తేమీ కాదు. దాని బెరడులో టానిన్ అనే వగరు పదార్థం దండిగా ఉంటుంది. తోళ్ళను పదును చేయడానికి దక్షిణ భారతంలో శతాబ్దాలుగా తంగేడు చెక్కనే వాడారు. మద్రాసు ఓడరేవు నుంచి విదేశాలకు వెళ్ళిన తోళ్ళకు పేరు తెచ్చింది అదే. 20వ శతాబ్దంలో దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క, ఆ తర్వాత క్రోమియం రసాయనాలు వచ్చి దాని స్థానం తీసుకున్నాయి. అన్ని తరాలు కొమ్మలు నరికి బెరడు ఒలిచినా తంగేడు తరిగిపోలేదు, ఎందుకంటే నరికిన మోడు నుంచి అది గుబురుగా చిగురిస్తుంది. పండుగకు కొమ్మల కొసలు తెంపడం కూడా అలాంటిదే, ఒక రకంగా కత్తిరింపు. పశువులు ఇష్టంగా మేయవు కాబట్టి మేత భూముల్లోనూ నిలబడింది. పొదల్ని వేళ్ళతో సహా పెకలించి, మొరం ఎత్తుకుపోయి, కాంక్రీటు పరిచినచోట మాత్రం దానికి దారి లేదు.

ఆ పని ఇంత సులువుగా జరగడానికి భూమి లెక్కలు ఒక కారణం. బాలానగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం తోడ్పాటుతో కేంద్రం వెలువరించే దేశ బంజరు భూముల పటంలో పొదలున్న నేల ఒక బంజరు రకం. అటవీ సర్వే నివేదికల్లో చెట్ల గొడుగు పదిశాతానికి తగ్గిన అటవీ భూమిని తుప్పల నేలగా విడిగా చూపిస్తారు, అది అటవీ విస్తీర్ణంలో చేరదు. తంగేడు, రేగు, బలుసు, బండారు పెరిగే నేల సరిగ్గా ఇదే. అడవిగా లెక్కకు రాక, పొలంగానూ లెక్కకు రాక, 'ఖాళీ స్థలం'గా మిగులుతుంది. పల్లె భాషలో దానికి కంచె అని గౌరవమైన పేరే ఉంది, ఊరి పశువుల బతుకంతా దానిమీదే నడిచింది. 2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల మీద చెలరేగి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన వివాదంలో ప్రధానంగా తేలవలసిన విషయం కూడా ఇదే: బండలూ పొదలూ ఉన్న నేలను అడవి అనాలా, ఖాళీ స్థలం అనాలా?

వానకూ పూతకూ ఉన్న ముడి మరో దక్షిణాది రాష్ట్రంతో పోల్చితే స్పష్టంగా తెలుస్తుంది. నైరుతి వానలమీద బతికే తెలంగాణలో తంగేడు ఆశ్వయుజంలో విరగబూసి బతుకమ్మకు చేరింది. ఈశాన్య వానలు ఎక్కువగా పడే తమిళనాడులో ఆవారం పేరుతో అదే పువ్వు సంక్రాంతి వేళ వేపాకుతో కలిపి ఇళ్ళ చూరుకు కట్టే కట్టలోకి చేరింది. పండుగలు ఆ పువ్వును వెతుక్కుంటూ పోలేదు, ఆ రోజుల్లో చుట్టూ పూసిందే పండుగలోకి వచ్చింది.

## నీటి లెక్క

తోటకు తంగేడును సూచించడంలో భావోద్వేగం కంటే బలమైన వాదన నీళ్ళది. హైదరాబాదు తాగే కృష్ణా నీరు నాగార్జునసాగర్ నుంచి నూరు కిలోమీటర్లకు పైగా, గోదావరి నీరు ఎల్లంపల్లి నుంచి అంతకంటే ఎక్కువ దూరం పంపులమీద వస్తుంది. పచ్చికకు నడివేసవిలో రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల తడి కావాలనుకుందాం. చదరపు మీటరుకు 5 లీటర్లు, 50 చదరపు మీటర్ల పచ్చికకు రోజుకు 250 లీటర్లు. ఒక 5,000 లీటర్ల ట్యాంకరు ఇరవై రోజుల్లో అయిపోతుంది. అదే జాగాలో మీటరున్నర, రెండు మీటర్ల ఎడంతో పదిహేను తంగేడు పొదలు పెడితే మొదటి వేసవిలో ఒక్కోదానికి పక్షానికోసారి 15 లీటర్లు సరిపోతాయి. ఇరవై రోజులకు మొత్తం మీద సుమారు 300 లీటర్లే. రెండో వేసవి నుంచి అదీ అక్కరలేదు. కాగితంపూల తీగ కూడా కరువుకు తట్టుకుంటుంది కదా అనే వాదన సరైనదే, అయితే ఆ దక్షిణ అమెరికా తీగ మన తుమ్మెదలకూ సీతాకోకచిలుకలకూ ఇచ్చేది చాలా తక్కువ.

## పెంచే పద్ధతి

కాయలు గోధుమరంగుకు తిరిగి గలగలమన్నాక గింజ తీసుకోవాలి. గింజ పొట్టు గట్టిది, నీటిని లోపలికి రానివ్వదు. కాగిన నీళ్ళు పొయ్యిమీద నుంచి దించి అందులో గింజలు వేసి తెల్లారేదాకా వదిలేస్తే, ఉబ్బినవి మొలకకు సిద్ధమైనట్టు. ఉబ్బనివాటిని గరుకు రాయిమీద ఒక పక్క కాస్త రుద్ది మళ్ళీ నానబెట్టవచ్చు. తొలకరి పడ్డాక నేరుగా నేలలో చోటుకు మూడేసి గింజలు నాటడం అన్నిటికంటే మేలు, తల్లివేరుకు మొదటిరోజు నుంచే దారి దొరుకుతుంది. సంచుల్లో పెంచితే పొడవాటివి తీసుకుని, జానెడు మొక్కగా ఉన్నప్పుడే ఆ వానాకాలంలోనే నేలకు మార్చాలి.

రోజంతా ఎండ తగిలేచోటు కావాలి. గుంతలో తీసిన మట్టినే మొరంతో కలిపి పూడ్చడం సరిపోతుంది. రేగడి మట్టి ఉన్న కాలనీల్లో నేలకు రెండడుగుల ఎత్తున దిబ్బ పోసి దానిమీద నాటాలి. కొమ్మల కత్తిరింపు పూత ముగిసిన చలికాలం చివర చేయాలి. ఆషాఢ శ్రావణాల్లో కత్తెర పెడితే పండుగ మొగ్గలున్న కొత్త కొమ్మలే పోతాయి. మేడమీద కుండీలో దీన్ని పెంచడం సాధ్యమే గానీ తల్లివేరు స్వభావం వల్ల అది ఎన్నటికీ నేలమీది పొద అంత కాదు.

ఇలా విత్తిన మొక్క సాధారణంగా రెండో ఏడు బాగా పూతకొస్తుంది. ఒక కాలనీలో పది ఇళ్ళ ప్రహరీల వెంట పెరిగితే ఆ వీధి బతుకమ్మలకు కట్టలు కొనే అవసరం తగ్గుతుంది, తుమ్మెదలకు ఒక పొద నుంచి ఇంకో పొదకు దారి ఏర్పడుతుంది. అయితే గింజ మాత్రం ఇప్పటికీ వికారాబాద్, నర్సాపూర్ దారుల్లోని కంచెల నుంచే రావాలి. ఒకే తోటలోని రెండు మూడు పొదల గింజలతో ఏళ్ళ తరబడి పెంచితే వాటన్నిటికీ ఒకే తల్లిపోలిక, ఒకే బలహీనత వస్తాయి. కాయ కోసేటప్పుడు వేర్వేరు పొదల నుంచి కొన్నికొన్ని చొప్పున తీసుకుని, సగానికి పైగా కొమ్మమీదే రాలడానికి వదిలేయాలి.